గడ్డకట్టే నీటికి కాస్త చోటు

బేగంపేట వాతావరణ కేంద్రం రికార్డుల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. 1946 జనవరి 8 నాటి మాట అది. అంటే సికింద్రాబాద్ మారేడుపల్లిలోనో బొల్లారంలోనో పొద్దున్నే నల్లా తిప్పితే పైపులో మంచు అడ్డుపడి నీళ్లు రాకపోవడమన్నది ఎవరికీ అనుభవంలో లేదు. మన డాబాల మీద ట్యాంకులు ఆరుబయటే ఉంటాయి, పైపులు గోడల వెంట బయటే పాకుతాయి. వాటి గురించి మన భయమల్లా ఎండే. మే నెల మధ్యాహ్నం నల్లా నీళ్లు చేతికి కాలడమే మనకు తెలిసిన ఇబ్బంది.

అయితే సికింద్రాబాద్‌లో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంటులో చూసినా ఇద్దరు ముగ్గురి పిల్లలు అమెరికాలో ఉంటారు. డెట్రాయిట్ చుట్టుపక్కల, మినియాపోలిస్‌లో, షికాగో శివారు నేపర్‌విల్‌లో స్థిరపడిన కుటుంబాల్లో కొందరు ఈమధ్య ట్రావెల్ ట్రెయిలర్లు కొంటున్నారు. సొంత బండి వెనక తగిలించుకుని వేసవి సెలవుల్లో ఊళ్లు, అడవులు తిరిగే చక్రాల ఇల్లు అది. అక్కడి వాడుకలో ఆర్వీ. ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌కార్ట్ పరిసరాలు ఈ పరిశ్రమకు కేంద్రం, అమెరికాలో తయారయ్యే వాటిలో చాలాభాగం అక్కడివే. అక్టోబరు వచ్చిందంటే ట్రెయిలరున్న ప్రతి ఇంటికీ ఒక తప్పనిసరి పని మీద పడుతుంది: దానిలోని నీటి వ్యవస్థను చలికాలానికి సిద్ధం చెయ్యడం. ‘వింటరైజ్ చేశావా?’ అని ఒకరినొకరు అడుగుతుంటారు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయే పనే. చెయ్యకపోతే మాత్రం వసంతంలో పంపు ఆన్ చేయగానే గోడలోంచి, సింకు కిందనుంచి, మంచం అడుగునుంచి నీళ్లు చిమ్ముతాయి.

దీన్ని సరిగా చెయ్యాలంటే పైపును పగలగొట్టేది ఏమిటో ముందు తెలియాలి. చాలామంది మంచు ఉబ్బి గోడను నెట్టేస్తుందని అనుకుంటారు. నిజానికి జరిగేది వేరు.

చల్లబడేకొద్దీ దాదాపు ప్రతి పదార్థమూ కుంచించుకుంటుంది. నీరు కూడా 4 డిగ్రీల దాకా అలాగే చేస్తుంది. ఆ తర్వాత దాని నడక మారుతుంది. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని, ఆరు మూలల వలలాగా అమరడం మొదలుపెడతాయి. ఆ అమరిక మధ్యలో బోలు ఎక్కువ. సున్నా దగ్గర పూర్తిగా గడ్డకట్టేసరికి అంతే బరువున్న నీరు సుమారు 9 శాతం ఎక్కువ చోటు అడుగుతుంది. మంచుగడ్డ గ్లాసులో తేలేది అందుకే. చెరువు పైన పెచ్చుకట్టినా అడుగున చేపలు బతికేదీ అందుకే. ఈ గుణం లేకపోతే చలిదేశాల్లో చెరువులు అడుగునుంచి గడ్డకట్టుకుంటూ వచ్చేవి.

ఆ 9 శాతం ఎంత బలమైనదో మూడున్నర శతాబ్దాల కిందటే పరీక్షించి చూశారు. 1667లో క్రిస్టియాన్ హైగెన్స్ పారిస్‌లో ఒక ఇనుప తుపాకీ గొట్టంలో నీళ్లు నింపి, గట్టిగా బిగించి చలిలో పెట్టాడు. గొట్టం చీలిపోయింది. కెనడాలోని క్విబెక్‌లో 1784-85 చలికాలంలో మేజర్ ఎడ్వర్డ్ విలియమ్స్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఫిరంగి గుండ్ల డొల్లల్లో నీళ్లు పోసి, రంధ్రానికి ఇనుప బిరడా దిగ్గొట్టి ఆరుబయట ఉంచాడు. నీరు గడ్డకట్టేసరికి ఒక బిరడా 400 అడుగులకు పైగా దూరం ఎగిరిపడింది, వెనకే రంధ్రంలోంచి మంచు కడ్డీ పొడుచుకొచ్చింది. బిరడా కదలని చోట డొల్లే పగిలింది. విలియమ్స్ ప్రయోగంలో అసలు విషయం ఇదే అని నాకనిపిస్తుంది. బిరడా వదిలితే డొల్ల బతికింది. బిరడా పట్టుకుంటే డొల్ల పోయింది.

పైపులో జరిగేదీ అదే. నీరు సున్నా చేరగానే గడ్డకట్టదు. తొలి స్ఫటికం పుట్టడానికి ఏదో ఒక ఆధారం కావాలి కాబట్టి కొన్ని డిగ్రీలు కిందికి దిగినా ద్రవంగానే ఉండిపోతుంది. స్ఫటికం పుట్టిన మరుక్షణం సన్నని మంచు రేకులు నీళ్లంతటా అల్లుకుంటాయి. పైపు గోడనంటి మంచు పొరకట్టి, లోపలికి పెరిగి, చివరికి ఎక్కడో ఒకచోట దారి మూసేస్తుంది. అక్కడిదాకా పైపుకు ప్రమాదం లేదు. ఎందుకంటే ఉబ్బిన మేరకు నీరు వెనక్కి, వచ్చిన దారినే జరుగుతుంది. ప్రమాదం ఆ తర్వాతే. మంచు బిరడాకూ మూసి ఉన్న నల్లాకూ మధ్య ఇంకా గడ్డకట్టని నీరు చిక్కుకుంటుంది. బిరడా పొడవు పెరిగినకొద్దీ ఆ నీటిని నొక్కుతుంది. నీరు నొక్కితే నొక్కుడుపడే వస్తువు కాదు. ఒత్తిడి అమాంతం పెరిగిపోతుంది.

ఎంత పెరుగుతుంది? ఒత్తిడిలో ఉన్న నీరు ఇంకా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే గడ్డకడుతుంది. ఒక్క డిగ్రీ దిగాలంటే దాదాపు 130 వాతావరణ పీడనాలు కావాలి. దీన్నే తిప్పి చెప్పుకుంటే, మైనస్ 5 డిగ్రీల దగ్గర దారి లేని నీరు 600 వాతావరణాల దాకా నెట్టగలదు. మన రెండంతస్తుల డాబా మీది ట్యాంకు నుంచి దిగే నీటి ఒత్తిడి ఒక్క వాతావరణం కూడా ఉండదు. ఇత్తడి బెండైనా, ప్లాస్టిక్ నల్లా అయినా ఆ నెట్టుడుకు ఆగవు. పైపు చాలాసార్లు మంచు ఉన్నచోట పగలదు. అడుగుల దూరంలో, నీళ్లు ఇంకా నీళ్లుగానే ఉన్నచోట, బలహీనమైన అతుకు దగ్గర పగులుతుంది. పైగా మంచు బిరడా ఉన్నంతసేపు బొట్టు కూడా కారదు. ఎండకాసి మంచు కరిగాకే సంగతి బయటపడుతుంది.

ఇది ట్రెయిలర్ల వాళ్లకే కాదు, టెక్సాస్‌లోని మనవాళ్లకు కూడా నేరుగా తెలిసొచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఉత్తరాది చలి టెక్సాస్ మీద పడింది. ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు దిగింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కరలేదు. అక్కడి ఇళ్లలో చాలావాటికి నీటి పైపులు అటకలోంచి, బయటి గోడల్లోంచి పోతాయి. వేడి దేశానికి కట్టిన ఇళ్లు అవి, ఆ విషయంలో మన ఇళ్లకు చుట్టాలే. హీటర్లు ఆగిపోయాయి, అటకలో పైపులు గడ్డకట్టాయి, కరిగిన రోజున పైకప్పులు తడిసి కూలాయి. అంతకు పాతికేళ్ల ముందే, 1990ల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ భవన పరిశోధకులు అమెరికా దక్షిణాది ఇళ్లలోని పైపుల మీద పరీక్షలు చేసి ఒక హెచ్చరిక గీత గీశారు. బయటి ఉష్ణోగ్రత 20 ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 7 డిగ్రీలకు చేరితే, తొడుగులేని పైపుల విషయంలో జాగ్రత్తపడాలని. నల్లాను సన్నధారగా వదిలి ఉంచమనే సలహాకు కారణం కూడా ఈ పరీక్షలతో తేటపడింది. పారే నీరు గడ్డకట్టదని కాదు, నల్లా తెరిచి ఉంటే చిక్కుకున్న నీటికి ఒత్తిడి దించుకునే దారి ఉంటుంది. విలియమ్స్ గుండు బిరడా వదిలినట్టే.

ఇంటికైతే నేల అండ ఉంది. మినెసొటాలో వీధి నీటి గొట్టాలను ఏడెనిమిది అడుగుల లోతున పూడుస్తారు. చలి అంత కిందికి పోదు. ట్రెయిలరుకు ఆ అండ లేదు. అది చక్రాల మీద ఉంటుంది, కింద గాలి, చుట్టూ గాలి, రెండంగుళాల గోడ. ఐదు నెలలు పెరట్లోనో అద్దె స్థలంలోనో హీటరు లేకుండా నిలబడి ఉంటుంది. దాని లోపల మాత్రం ఒక ఇంటికి ఉండాల్సిన నీటి సరంజామా అంతా ఉంది. నూటపది నుంచి రెండొందల లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న పంపు, ఇరవై మూడో ముప్పై ఎనిమిదో లీటర్ల గీజరు, వంటింటి సింకు, స్నానపు షవరు, మరుగుదొడ్డి, వాడిన నీళ్లకు ఒక ట్యాంకు, మలమూత్రాలకు ఇంకొకటి.

మొదటి పని నీళ్లు తీసెయ్యడం. ట్యాంకు అడుగు వాల్వు తెరుస్తారు. వేడినీళ్ల గొట్టానికీ చన్నీళ్ల గొట్టానికీ అన్నింటికన్నా పల్లంలో ఒక్కో మూత ఉంటుంది, అవీ తీస్తారు. గీజరును ముందురోజే ఆపి, నీళ్లు చల్లారాక, నల్లాలు తెరిచి ఒత్తిడి దించాకే దాని మూత విప్పాలి. తొందరపడితే మరిగే నీళ్లు మొహాన పడతాయి. కొన్ని కంపెనీల గీజర్లలో ఆ మూతకే ఒక మెగ్నీషియం కడ్డీ తగిలించి ఉంటుంది. ఉక్కు తుప్పుపట్టకుండా తాను అరిగిపోయే కడ్డీ అది. ఎంత అరిగిందో చూసుకోవడానికి ఇదే అదను. ఖాళీ గీజరుకు పొరపాటున కరెంటు స్విచ్చి వేస్తే లోపలి కాయిల్ క్షణాల్లో కాలిపోతుంది కాబట్టి ఆ స్విచ్చి మీద ఒక కాగితం అంటించి పెట్టుకోవడం మంచిది.

తర్వాత రెండు దార్లున్నాయి. గాలితో ఊదెయ్యడం, లేదా గులాబీ రంగు ద్రవం నింపడం.

గాలి దారిలో చిన్న కంప్రెసరును బయటి నీటి కనెక్షన్‌కు తగిలించి, ఒత్తిడి 40 పీఎస్‌ఐ దగ్గర ఉంచి, ఒక్కొక్క నల్లా తెరుస్తూ పోతారు. కారు టైరులో ఉండేంత ఒత్తిడి అది. అంతకు చాలా మించితే అతుకులు ఊడతాయి. వేడి, చల్ల, షవరు, మరుగుదొడ్డి, ట్రెయిలరు బయట కాళ్లు కడుక్కునే నల్లా, ఏదీ మరవకూడదు. ఊదినా పైపులో కొన్ని చుక్కలు మిగులుతాయి. మిగలనీ. ఇక్కడే భౌతికశాస్త్రం మనవైపు ఉంది. సగం ఖాళీ పైపులో ఆ కాస్త నీరు గడ్డకట్టినా ఉబ్బడానికి పక్కన చోటుంది. ట్యాంకు అడుగున మిగిలిన లీటరు నీరూ అంతే, పైకి పెరుగుతుంది తప్ప గోడను నెట్టదు. పైపును ఎముకలాగా ఎండబెట్టక్కరలేదు, నీటికి తొమ్మిది శాతం చోటు దొరికితే చాలు. కాని పంపు తలలో, మరుగుదొడ్డి వాల్వులో, ఫిల్టరు డబ్బాలో చెంచాడు నీరు రెండు వాల్వుల మధ్య ఇరుక్కుంటే దానికి ఆ చోటు ఉండదు. ఇప్పటి ట్రెయిలర్లలో వాడే పెక్స్ ప్లాస్టిక్ గొట్టం సాగుతుంది, చాలాసార్లు తట్టుకుంటుంది. పోయేవి ఈ చిన్న భాగాలే.

అందుకే గడ్డకట్టే ప్రాంతాల్లో చాలామంది రెండో దారినీ కలుపుతారు. గులాబీ ద్రవం అసలు పేరు ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన నీరు. అది నీటి అణువుల మధ్య దూరి, అవి వలగా అల్లుకోకుండా అడ్డుపడుతుంది. మన వీధి కుల్ఫీ బండిలో ఐసు మీద ఉప్పు చల్లడం వెనక ఉన్నదీ ఈ సూత్రమే. ఉప్పు కలిసిన నీరు సున్నా కింద కూడా ద్రవంగా ఉంటుంది కాబట్టే ఆ కుండలో పాలు గడ్డకడతాయి. ట్రెయిలరులో ఉప్పునీళ్లే ఎందుకు పొయ్యరంటే ఉప్పు లోహాన్ని తినేస్తుంది.

ఈ ద్రవం డబ్బా మీద ‘మైనస్ 50’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మొదట గమనించాల్సింది, అది ఫారన్‌హీట్, మన లెక్కలో మైనస్ 45. రెండోది ఇంకా ముఖ్యం. ఆ ఉష్ణోగ్రత దాకా ద్రవం గడ్డకట్టదని దాని అర్థం కాదు, పైపు పగలదని అర్థం. సున్నాకు పది, పన్నెండు డిగ్రీల కిందే అందులో మంచు రేణువులు పుట్టడం మొదలవుతుంది. అయితే ప్రతి రేణువూ శుద్ధమైన నీటినే తీసుకుంటుంది. మిగిలిన ద్రవంలో గ్లైకాల్ పాలు పెరుగుతుంది, అది గడ్డకట్టడానికి ఇంకా చలి కావాలి. ఇలా చలి పెరిగేకొద్దీ ద్రవం గట్టి గడ్డ కాకుండా మెత్తని మంచు ముద్దలాగా ఉండిపోతుంది. ముద్ద జరుగుతుంది, బిరడాలాగా దారి మూయదు. కాబట్టి పైపులో మిగిలిన నీళ్లతో ఈ ద్రవం పలచబడితే ఆ రక్షణ తగ్గుతుంది. ముందు పూర్తిగా ఖాళీ చేసి, తర్వాతే నింపాలనడానికి కారణం ఇదే. గీజరు పక్కన బైపాస్ వాల్వు తిప్పకుండా మొదలుపెడితే కొనుక్కొచ్చిందంతా గీజరే తాగేస్తుంది. తిప్పితే ఎనిమిది నుంచి పన్నెండు లీటర్లు సరిపోతుంది. పంపు గొట్టాన్ని డబ్బాలో ముంచి, ప్రతి నల్లాలోనూ గులాబీ రంగు కనబడేదాకా వదలాలి.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. కారు రేడియేటరులో పోసే కూలెంట్ సాధారణంగా ఎథిలీన్ గ్లైకాల్. పేరు దగ్గరిదే, పని ఒకటే, కాని అది విషం. ఒంట్లోకి పోతే ఆక్జాలిక్ ఆమ్లంగా మారి, మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుని ప్రాణం తీస్తుంది. తియ్యగా ఉంటుంది కనక పిల్లలు, కుక్కలు తాగేస్తాయి. ప్రొపిలీన్ గ్లైకాల్ ఆహారపదార్థాల్లో కలపడానికి అనుమతి ఉన్నది. మంచినీళ్ల గొట్టంలోకి ఎథిలీన్ గ్లైకాల్ చుక్క కూడా పోకూడదు.

మిగిలిన ఒక చోటు సింకు కింది వంపు. మురుగు వాసన పైకి రాకుండా నీటిని నిలిపే ఆ వంపును 1775లో అలెగ్జాండర్ కమింగ్ తన మరుగుదొడ్డి పేటెంటులో పెట్టాడు, నేటికీ ప్రతి సింకు కిందా దాని వారసుడే ఉన్నాడు. దాన్ని ఖాళీగా వదిలితే వాసన, నీళ్లతో వదిలితే పగులు. గ్లాసెడు గులాబీ ద్రవం పోస్తే రెండూ తీరతాయి.

నీళ్లు తీసెయ్యడం ఒక పద్ధతి, గడ్డకట్టని ద్రవంతో మార్చడం ఇంకొకటి. చలికాలమంతా వాడకంలోనే ఉండే బండికి ఈ రెండూ పనికిరావు. దానికి మూడో పద్ధతి కావాలి, అదే వేడి. ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ కోసం మనం అమెరికా పోనక్కరలేదు.

దక్షిణ మధ్య రైల్వే 1966 నుంచి సికింద్రాబాద్ కేంద్రంగానే నడుస్తోంది. నిజాం కాలంనాటి లాలాగూడ వర్క్‌షాపు ఇప్పటికీ పెట్టెల మరమ్మతు చేస్తోంది. రైలు పెట్టె కూడా చక్రాల మీద నీటి ట్యాంకులు, గొట్టాలు, మరుగుదొడ్లు మోసుకు తిరిగే ఇల్లే. కొత్త రకం పెట్టెల్లో ట్యాంకులు అడుగున వేలాడుతుంటాయి, గాలి నేరుగా తగిలే చోట. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్-విశాఖ వందే భారత్‌కు దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. 2025 జూన్ 6న కట్రా-శ్రీనగర్ మధ్య మొదలైన వందే భారత్ సంగతి అలా కాదు. సున్నా కిందికి దిగే రాత్రులు కశ్మీరులో నెలల తరబడి ఉంటాయి. చెన్నైలోని పెట్టెల కర్మాగారం ఆ రైలు కోసం ప్రత్యేకంగా నీటి ట్యాంకులకు, బయో టాయిలెట్ ట్యాంకులకు సిలికాన్ వేడి పట్టీలు అమర్చింది, గొట్టాల వెంట వేడి తీగ చుట్టింది. రైలు ఆగి ఉన్నప్పుడు నీళ్లు గొట్టాల్లో నిలవకుండా వాటంతటవే దిగిపోయే ఏర్పాటు కూడా పెట్టింది. ట్రెయిలరు యజమాని అక్టోబరులో చేసే పనిని రైలు తనంతట తానే చేసుకుంటుందన్నమాట.

ఆ వేడి తీగ తెలివి చూడముచ్చటైనది. రెండు రాగి తీగల మధ్య బొగ్గు నలుసులు కలిపిన ప్లాస్టిక్ ఉంటుంది. చలికి ప్లాస్టిక్ ముడుచుకుంటే నలుసులు ఒకదానికొకటి తగిలి కరెంటు ఎక్కువ పారుతుంది, వేడి పుడుతుంది. వేడెక్కి సాగితే నలుసులు విడిపోతాయి, కరెంటు తగ్గుతుంది. ఎక్కడ ఎంత చలి ఉంటే అక్కడ అంత వేడి, మధ్యలో ఏ స్విచ్చీ లేకుండా. ఉత్తర అమెరికాలో పొలాల నీటి గొట్టాలకు, చలికాలంలోనూ తిరిగే ఆర్వీల అడుగు గొట్టాలకు చుట్టేది ఈ రకం తీగే. బయో టాయిలెట్‌దీ చలి కథే. మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చలికి మందగిస్తాయి. సియాచిన్ లాంటి చోట్ల సైనికుల కోసం మన డీఆర్‌డీవో శాస్త్రవేత్తలు అంటార్కిటికా దాకా పోయి చలికి తట్టుకునే సూక్ష్మజీవులను సేకరించారు. ఆ పరిశోధనే తర్వాత రైల్వే పెట్టెల్లోకి వచ్చింది.

ఏప్రిల్ నాటికి ట్రెయిలరు మళ్లీ బయటికొస్తుంది. గులాబీ రంగు, రుచి పోయేదాకా మంచినీళ్లతో గొట్టాలు కడగాలి. తర్వాత అరవై లీటర్ల నీటికి అరవై మిల్లీలీటర్ల లెక్కన వాసనలు కలపని ఇంటి బ్లీచు కలిపి, నల్లాలన్నింటికీ పారించి, నాలుగు గంటలు నిలవుంచి, మళ్లీ కడిగితే గొట్టాలు తాగునీటికి సిద్ధం.

ఈ చలికాలం అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట. ట్రెయిలరున్నా లేకపోయినా, దిగిన రోజే ఇంటి నీళ్లన్నీ ఒక్క తిప్పుడుతో ఆపే వాల్వు ఎక్కడుందో చూపించమని అడగండి. మైనస్ 7 దాటి చలి వస్తోందని వార్తల్లో వింటే సింకు కింది అలమర తలుపులు తెరిచి లోపలికి ఇంటి వేడి పోనివ్వండి, బయటి గోడనున్న నల్లాలను సన్నధారగా వదలండి. కరెంటు పోయి ఇల్లు చల్లబడిపోతే ఆ వాల్వు మూసి, నల్లాలన్నీ పూర్తిగా తెరిచి పెట్టండి.